డెబ్భై ఐదు కిలోల డ్రైవరు

కారుతో పాటు ఇచ్చే పుస్తకాన్ని ఎవరూ చివరిదాకా చదవరు. బొమ్మలు చూస్తారు, తోలు సీట్ల రంగులు చూస్తారు, గంటకెంత పోతుందో చూసి కళ్ళు పెద్దవి చేస్తారు, అక్కడితో సరి. ఆ పుస్తకం చివరి పేజీలో, అట్ట అంచుకు ఆనుకుని, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. 'పై అంకెలన్నీ డెబ్భై ఐదు కిలోల డ్రైవరుతో కొలిచినవి.' ఆ కంపెనీ ఇరవై రెండేళ్ళుగా చేసిన ప్రతి రెండు తలుపుల విలాసపు కారు పుస్తకంలోనూ ఆ వాక్యం ఉంది. ఎవరైనా పొరపాటున చదివినా, లెక్క కోసం అనుకున్న ఎవరో లేని మనిషి అనుకుంటారు. ఎందుకు లేడు? ఉన్నాడు. ఆ డెబ్భై ఐదు కిలోలకు ఒక ఇల్లుంది, ఒక భార్య ఉంది, ఎడమ మోకాలి మీద చిన్నప్పటి మచ్చ కూడా ఉంది. పరీక్షల మైదానంలో అందరూ అతన్ని 'డెబ్భై ఐదు' అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు అతనికే ఒక్కోసారి కొత్తగా వినిపించేది.

ఆ మైదానం పద్ధతి ఒకటి ముందే చెప్పుకోవాలి. కొలతలు తీసే రోజు పొద్దున్నే కారును తూకం గదిలోకి తెస్తారు. నేలలో నాలుగు ఇనప పలకలుంటాయి, చక్రానికి ఒకటి చొప్పున. గోడవారగా మనుషుల తూకం ఇంకొకటి. డ్రైవరు బూట్లు, కోటు, హెల్మెట్ అన్నీ వేసుకుని దాని మీద నిలబడాలి. డెబ్భై ఐదు కన్నా తక్కువుంటే, ఎంత తక్కువైతే అంత బరువు ఇసుక సంచులు సీటు కింద పెట్టి కాగితం మీద రాస్తారు. తేలికపాటి డ్రైవర్లు ఉంటారు, దాంట్లో తప్పేం లేదు. కానీ ఒక మనిషి తన పాత బరువు కన్నా ఐదు కిలోలకు మించి తగ్గాడంటే మాత్రం సంచులతో సరిపెట్టరు. డాక్టరు దగ్గరికి పంపుతారు. డాక్టరు సంతకం పెట్టేదాకా మైదానంలో కాలు పెట్టనివ్వరు. ఎప్పుడో ఒక డ్రైవరు నీరసంతో మలుపులో కళ్ళు తిరిగి పోయాడట, అప్పటి నుంచీ ఉన్న నియమం అది.

ఇతని కోసం మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్క ఇసుక సంచీ కదల్లేదు. నిలబడితే డెబ్భై ఐదు. తూకం గది చూసుకునే ఆవిడ అతనికన్నా ఆరేళ్ళు పెద్దది, అతను అక్కా అనేవాడు. ఆవిడ అతన్ని ఆట పట్టించేది.

"తమ్ముడూ, నీకోసం సంచీ ఎత్తే భాగ్యం నాకు ఈ జన్మలో లేదా?"

"మా ఆవిడ బతికుండగా లేదులే అక్కా."

ఆ మాట నిజమే. ఇంట్లో వంటగది గట్టు మీద చిన్న తూకం ఒకటుండేది, కూరలు తరిగే చెక్క పక్కనే. భార్య ముందుగదిలో కుట్టు మెషీన్ పెట్టుకుని బట్టలు బిగించడం, వదులు చేయడం చేసేది. ఒక్క చూపులో మనిషి నడుము కొలత చెప్పేసేది. పెళ్ళైన ఏడాదే అతని ఉద్యోగం సంగతి విని, "ఓహో, అయితే ఈ బరువు నా చేతిలో ఉందన్నమాట" అని తూకం కొనుక్కొచ్చింది. ఆ రోజు నుంచీ పళ్ళెంలో పడేది తూచే పడింది. ఏ చుట్టమింటికో వెళ్ళి నాలుగు ముద్దలు ఎక్కువ తింటే మర్నాడు ఆ నాలుగు ముద్దలూ కోత పడేవి. "నేను కట్టుకుంది మనిషిని కాదు, తూకపు రాయిని" అని ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో గర్వం కూడా ఉండేది, దాచుకునేది కాదు.

ఆ ఇరవై రెండో ఏడాది కంపెనీ పన్నెండు సిలిండర్ల ఇంజనుతో ఆఖరి కారు చేస్తోంది. ఆ తర్వాత అన్నీ కరెంటు బండ్లే. పన్నెండు సిలిండర్ల మొదటి కారు అంకెలు తీసింది ఇతనే, ఆఖరి దాని అంకెలు కూడా తనే తీయాలని పట్టుబట్టాడు. ఆ కోరికలో తప్పు పట్టడానికేం లేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే భార్యకు వర్ణించేవాడు.

"ఆరు లీటర్ల ఇంజను. ఆరు వందల ఇరవై హార్స్ పవర్. కారు బరువే రెండు వేల రెండు వందల పది కిలోలు, అంత బరువు మూడు పాయింట్ ఎనిమిది సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకోవాలి. రోడ్డుంటే మూడు వందల పద్దెనిమిది దాకా పోతుంది. అంత వేగంలోనూ లోపల మనం గుసగుసలాడుకోవచ్చు, అద్దాలు రెండు పొరలు."

"వెనక ఎంతమంది పడతారు?"

"వెనకా? వెనక సీట్లో... చేతిసంచీ పెట్టుకోవచ్చు."

"రెండు టన్నుల బండి చేసి, వెనక చేతిసంచీనా?"

"ఇద్దరు మనుషులు అలసిపోకుండా దూరం వెళ్ళడానికి చేసిన కారే అది."

"ఆ ఇద్దరూ మనం కాదుగా. కాళ్ళు కడుక్కు రండి."

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున తూకం డెబ్భై నాలుగు చూపించింది. అక్క నవ్వింది. అతను బయటికెళ్ళి మూడు గ్లాసుల నీళ్ళు తాగొచ్చి మళ్ళీ నిలబడ్డాడు, డెబ్భై ఐదైంది. ఇద్దరూ నవ్వుకున్నారు. పది రోజుల తర్వాత పరీక్షలు లేని రోజు అక్క టీకి వెళ్ళినప్పుడు ఒక్కడే ఎక్కి చూసుకున్నాడు. డెబ్భై రెండున్నర. ఆసరికి నెల రోజులుగా నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుండేది, పై కడుపులో సన్నగా నొప్పి వచ్చి పోతుండేది. అతనికి తండ్రి గుర్తొచ్చాడు.

అతని తండ్రి లేతు మెషీన్ మీద పనిచేసిన మనిషి. సరిగ్గా ఈ వయసులోనే, నలభై తొమ్మిదికి, చిక్కి శల్యమయ్యాడు. అయినా లేచి తిరిగేవాడు, పనికి పోయేవాడు. ఎవరో బలవంతం చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. చెప్పిన నాలుగో వారానికి తండ్రి లేడు. పందొమ్మిదేళ్ళ కొడుక్కి ఆ లెక్క అలాగే మెదడులో కూర్చుండిపోయింది, పేరు చెప్పించుకున్నాడు కాబట్టి పోయాడని. చదువుకున్నవాడు, సెకనులో నూరో వంతు తేడా పట్టుకునేవాడు, ఇంత మొరటు లెక్కను ముప్ఫై ఏళ్ళు ఎలా మోశాడంటే ఏం చెప్తాం. భయం దగ్గర ఎవడి చదువూ పనిచేయదు.

ఐదు కిలోలు దాటితే డాక్టరు. డాక్టరంటే జబ్బు పేరు. పైగా ఆఖరి కారు వేరేవాడి చేతిలోకి పోతుంది. ఈ రెండు భయాలూ ఒక ముడి పడిపోయి, ఏది ఏదో అతనికే తెలియకుండా పోయింది.

టైర్ల గదిలో ఒక మూల డబ్బా ఉండేది. చక్రం తిరిగేటప్పుడు వణక్కుండా దాని అంచుకు సీసం పట్టీలు అంటిస్తారు, టైరు మార్చినప్పుడల్లా పాతవి పీకి ఆ డబ్బాలో పడేస్తారు. వేలంత పట్టీ, అరవై గ్రాములు. ఎవరూ లెక్కపెట్టరు. ఒక మధ్యాహ్నం జేబుల నిండా తెచ్చుకున్నాడు. భార్య బజారుకెళ్ళిన సమయం చూసుకుని ఆమె మెషీన్ ముందు కూర్చుని, పరీక్షల కోటు లోపలి గుడ్డ విప్పి, పట్టీలు వరసగా పేర్చి, పైన గుడ్డ వేసి కుట్టాడు. వంకరటింకర కుట్లు. మర్నాడు తూకమెక్కితే డెబ్భై ఐదు. అక్క తలెత్తి కూడా చూడలేదు. అలవాటైన అంకెను ఎవరు చూస్తారు?

ఇక అక్కణ్ణుంచి వారానికోసారి అదే పని. ఒళ్ళు ఎంత తగ్గితే కోటు అంత బరువెక్కేది. కోటు అక్కడి అల్మరాలోనే పెట్టుకునేవాడు, ఇంటికి తెచ్చేవాడు కాదు. కుట్టాల్సిన రోజు మాత్రం సంచీలో పెట్టి తెచ్చి, తిరిగి తీసుకెళ్ళేవాడు.

కంపెనీలో ఎవరి కళ్ళూ కప్పక్కర్లేకపోయింది, ఎవరూ చూడలేదు కాబట్టి. ఇంట్లో అలా కుదురుతుందా? బట్టల కొలతల మనిషి ఆమె. ఒక సాయంత్రం అతను చెప్పులు వేసుకోవడానికి వంగితే ప్యాంటు నడుము దగ్గర రెండు వేళ్ళు దూరేంత సందు కనిపించింది.

"ఏంటిది? ఒళ్ళు బాలేదా?"

అతను నోటికొచ్చిన మాట, ఎక్కడో పనిలో విన్న ముక్కే, గడగడా చెప్పేశాడు.

"నియమం మారింది. ఇప్పుడు డ్రైవరు అరవై ఎనిమిదే ఉండాలి, సామాను ఏడు కిలోలు. రెండూ కలిపి డెబ్భై ఐదు. అన్ని చోట్లా అలాగే లెక్కపెడుతున్నారట. నేను అరవై ఎనిమిదికి దిగాలి."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఈ మాట ఇప్పుడా చెప్పేది? నేను పాత లెక్కనే వడ్డిస్తున్నా. మీ పాటికి మీరు కడుపు మాడ్చుకుని తగ్గుతున్నారా? ఆ పని నాకొదిలెయ్యండి. పద్ధతిగా తగ్గిద్దాం."

ఆ పూట నుంచీ పద్ధతిగా తగ్గించింది. వంటగది గోడకు కొత్త కాగితం అంటించి రోజు వారీగా రాసుకుంది. మొదటి వారం పూటకో ముద్ద తీసేసింది. రెండో వారం ఇంకొకటి. నూనె తగ్గించింది. రాత్రిపూట పాలు మానిపించింది. మనిషికి తోడుగా ఉండాలని తనూ సగం తిని లేచేది. అసలు విషాదం ఏమిటంటే, తగ్గిన పళ్ళెం చూసి అతనికి ప్రాణం లేచొచ్చేది. వడ్డించింది ఎలా మింగాలా అని అప్పటిదాకా పడిన అవస్థ తప్పింది. ఖాళీ పళ్ళెం తీస్తూ ఆమె మెచ్చుకునేది.

"మీకున్న పట్టుదల ఎవరికుంటుంది? ఎంతకొచ్చారు?"

"డెబ్భై."

అప్పటికి అరవై ఆరు.

ఆమె అమాయకురాలేం కాదు. మొహంలో ఎముకలు తేలుతున్నాయని అంది, మెడ దగ్గర చొక్కా కాలరు రెండుసార్లు బిగించింది. "అరవై ఎనిమిదంటే ఇలా ఉంటుందా?" అని ఒకసారి నిలదీసింది కూడా. "యాభై ఏళ్ళు వస్తున్నాయి కదే, కండ తగ్గితే అలాగే కనపడుతుంది" అన్నాడు. ఇరవై రెండేళ్ళు బరువు దగ్గర ఒక్కసారి కూడా అబద్ధం చెప్పని మనిషి. ఆ నమ్మకమే ఆమె కళ్ళు కప్పింది.

అతని సంగతి ముందుగా కనిపెట్టింది కారు సీటు. ఆ కారు సీటుకు పద్దెనిమిది రకాల కదలికలు. మనిషి కూర్చోగానే పక్కల నుంచి గాలి దిండ్లు ఉబ్బి నడుమును సరిగ్గా పట్టుకుంటాయి, ఎంత ఉబ్బాలో అదే చూసుకుంటుంది. మొదట్లో రెండు క్షణాల్లో పట్టుకునేది. రానురాను ఇంకా ఉబ్బుతూ, మనిషి కోసం వెతుక్కుంటున్నట్టు లోపలికి వస్తూనే ఉండేది. అతనికి ఆ చప్పుడు వినబుద్ధయ్యేది కాదు. ఇంజను ముందే ముట్టించేసేవాడు.

పని మాత్రం తప్పుగా చేయలేదు, అది ఒప్పుకోవాలి. రెండు కిలోమీటర్ల తిన్నటి రోడ్డు. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటరు మీద, ఇంజను నిమిషానికి రెండున్నర వేల చుట్లు అందుకోగానే ఎడమ కాలు వదలాలి. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను పట్టుకుంటాయి. వీపు సీటుకు అతుక్కుంటుంది. గేర్లు మారడం చెవికి తెలుస్తుంది గాని ఒంటికి తెలియదు. అటు పదిసార్లు, ఇటు పదిసార్లు, సగటు. మూడు పాయింట్ ఎనిమిది. లెక్కల ఇంజనీరు, ముప్ఫై ఏళ్ళ మనిషి, కాగితం చూసి పొంగిపోయేవాడు. "మాస్టారూ, ఇరవై సార్లకీ వెంట్రుక వాసి తేడా లేదు" అనేవాడు. ఆ మాట కోసమే కదా అతను పళ్ళ బిగువున కూర్చుంటున్నది. కారు ఎగిరి దూకినప్పుడల్లా కోటులోని సీసం పక్కటెముకల మీద గుద్దేది. ఇంట్లో చొక్కా విప్పకుండా స్నానాల గదిలోకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

నాలుగో నెలలో బ్రేకుల పరీక్ష వచ్చింది. వంద వేగం నుంచి ముప్ఫై నాలుగు మీటర్లలో ఆగాలి. ముందు బ్రేకుల పళ్ళేలు పెద్ద తట్టలంత ఉంటాయి, పది సార్లు వరసగా తొక్కినా పట్టు సడలకూడదు. కారు ఆగిపోతుంది, లోపలి మనిషి ఆగడు, బెల్టు ఆపాలి. మిట్టమధ్యాహ్నం, ఎండ కాల్చేస్తోంది. ఎనిమిదోసారి కారు గీతకు సరిగ్గా ఆగింది. తొమ్మిదోసారికి కదల్లేదు.

ఇంజనీరు, తూకం గది అక్క పరిగెత్తుకొచ్చి తలుపు తీశారు. అతను కళ్ళు తెరిచే ఉన్నాడు, లేవలేకపోతున్నాడు. ఆ కారు సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, అందులోంచి లేవడానికి కాళ్ళలో బలం కావాలి. చెరో భుజం కింద చెయ్యి వేసి లేపారు. ఎండకు జిగురు వదిలి, బ్రేకు కుదుపులకు కుట్లు తెగి, కోటు అంచులోంచి సీసం పట్టీలు ఒకటొకటిగా సిమెంటు నేల మీద పడ్డాయి. టైర్ల గది డబ్బాలో ఉండాల్సినవి అక్కడెందుకున్నాయో ఇంజనీరుకు అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. ఆవిడ కింద కూర్చుని పట్టీలు ఏరుతూ అంది.

"నాలుగు నెలలుగా డెబ్భై ఐదు పాయింట్ సున్నా. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. మనిషన్నాక రోజుకోలా ఉంటాడు కదా, నా కళ్ళకేమైంది తమ్ముడూ."

కోటు విప్పి అతన్ని తూకం మీద నిలబెట్టారు. బూట్లతో, హెల్మెట్ చేతిలో పట్టుకుని, యాభై తొమ్మిది.

ఆస్పత్రికి భార్య వచ్చేసరికి సూది మందులు ఎక్కుతున్నాయి, కడుపు ఫోటోలు తీశారు. డాక్టరు మంచి మనిషి, తొందరపడకుండా అడిగింది.

"ఎప్పటి నుంచి తగ్గుతున్నారమ్మా?"

"నాలుగు నెలలండీ. కంపెనీలో నియమం మారింది కదా, అరవై ఎనిమిదికి దిగాలని. నేనే తగ్గించాను. అన్నీ తూచి, కాగితం మీద రాసి పెట్టాను. కావాలంటే తెచ్చి చూపిస్తాను." ఆ చెప్పడంలో ఇంకా కాస్త గర్వం మిగిలే ఉంది.

మంచం అవతల నిలబడ్డ అక్క తల ఎత్తింది. "ఏ నియమం అమ్మా? మా దగ్గర ఏదీ మారలేదే."

భార్య అతని వైపు చూసింది. అతను కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీలోంచి ఏమీ కనపడదు, ఎదురుగా గోడ.

డాక్టరు ఆమెను బయటికి తీసుకెళ్ళి చెప్పింది. కడుపులో గడ్డ. ఇప్పుడు కాలేయం దాకా పాకింది. "మొదట ఒక ఐదు కిలోలు తగ్గినప్పుడే తెచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్ళం. ఇలాంటి వాటితో ఇప్పుడు జనం బానే బతుకుతున్నారు. వాళ్ళ నాన్నగారి సంగతి ఆయన చెప్పారు, ఇవి ఆ రోజులు కావు. ఎవరూ గమనించలేదా?" ఐదు కిలోలు అన్న మాట డాక్టరు ఊరికే అంది, ఆవిడకు మైదానం నియమాలు తెలియవు. వెనకే నిలబడి విన్న అక్క గోడకు ఆనుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున భార్య బట్టల కోసం ఇంటికి వెళ్ళింది. అక్క ఇచ్చిన కోటు కుట్టు మెషీన్ మీద పెట్టింది. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. లోపలి గుడ్డ మీద నీలం దారం. తన దారమే, తన కండెలోంచి తీసిందే. ఆ వంకర కుట్లు చూసి, ఇంట్లో ఇంత పనిమంతురాలు ఉండగా ఈ మనిషికి ఎవరు కుట్టమన్నారు అని ముందు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏమొచ్చిందో చెప్పడం కష్టం. కుట్లు విప్పి పట్టీలు బల్ల మీద పేర్చింది. నేల మీద పడినవి అక్క ఏరి కోటు జేబులో వేసింది, అవి కూడా కలిపింది. రెండు వందల యాభై. గోడ మీద తన చేతిరాతతో కాగితం అలాగే ఉంది. ఇన్ని గ్రాములు తీసేశాను, ఇన్ని గ్రాములు తీసేశాను అని, ఏ రోజుకు ఆ రోజు, వరసగా. ఆమె ఆ కాగితం ముందు నిలబడి గొంతెత్తి ఏడ్చింది. అతని మీద ఏడ్చిందో తన మీద ఏడ్చిందో విడదీయలేం. జబ్బు తినగా మిగిలింది తను కోసేసింది, అంతే ఆమెకు అర్థమైంది. ఎవరెన్ని చెప్పినా ఆ తర్వాత ఆ మాట ఆమెలోంచి పోలేదు.

అతనితో ఒక్కసారే అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేదానివి."

"లాక్కెళ్ళేదాన్నే."

"అందుకే."

అంతకు మించి ఆ విషయం వాళ్ళిద్దరి మధ్య రాలేదు.

ఆస్పత్రిలో చేరిన ఆరో వారంలో ఇంజనీరు వచ్చాడు. మధ్యాహ్నం భోజనం వేళ. నాలుగు మంచాల గదిలో కిటికీ వైపు మంచం అతనిది. భార్య పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పటికి అతను నలభై తొమ్మిది కిలోలు, వయసూ అదే. ఇంజనీరు చేతిలో కొత్త కారు పుస్తకం, అచ్చు వాసన ఇంకా పోలేదు. పాపం, మంచి వార్త తెచ్చానని మొహం వెలిగిపోతోంది.

"మాస్టారూ, మీరు దేనికీ దిగులు పెట్టుకోకండి. మీరు తీసిన కాగితాలన్నీ పద్ధతి ప్రకారం కొట్టేయాల్సి వచ్చింది, నిజమే. కానీ అన్నీ మళ్ళీ తీశాం. కొత్తాయన అరవై కిలోలు, పదిహేను కిలోల సంచులు పెట్టాం. ఎంతొచ్చిందో చెప్పండి?"

అతను చూపుతోనే అడిగాడు.

"మూడు పాయింట్ ఎనిమిది. అచ్చం మీదే." ఇంజనీరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకో సంగతి. ఊరికే చూద్దామని సంచులన్నీ తీసేసి కూడా తోలించాను. అప్పుడూ మూడు పాయింట్ ఎనిమిదే. తేడా నూరో వంతుల్లో రెండు, మనం అచ్చేసేది పదో వంతు వరకేగా. అంటే మీ కోటు వల్ల కారుకు జరిగిన నష్టం ఏమీ లేదు. మీ పేరుకు మచ్చ రాదు. ఆ మాట చెప్దామనే వచ్చాను."

అతను కళ్ళు మూసుకున్నాడు. రెండు వేల రెండు వందల పది కిలోల కారు. అందులో పదిహేను. కాగితం కూడా అక్కర్లేని లెక్క అది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని లెక్కలో వేసి చూశాడు, ఈ ఒక్క లెక్క ఎప్పుడూ వేయలేదు. తను లేకపోతే ఆ అంకె నిలబడదని అనుకుంటూ వచ్చాడు.

భార్య నెమ్మదిగా అడిగింది.

"అంటే బాబూ, ఈయన డెబ్భై ఐదున్నా యాభై ఉన్నా ఆ కారుకు ఒకటేనా?"

"ఒకటేనమ్మా. ఆ ఇంజను బలానికి ఒక మనిషి బరువు లెక్కలోకే రాదు."

"మొదట్నుంచీ అంతేనా?"

ఇంజనీరుకు అప్పుడు ఏదో తట్టింది. పుస్తకం మంచం మీద పెట్టి, మళ్ళీ వస్తానని ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆమె పుస్తకం తీసి చివరి పేజీ తిప్పింది. ఆ వాక్యం అలాగే ఉంది, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, డెబ్భై ఐదు కిలోల డ్రైవరుతో అని. మూసి మంచం కింద పెట్టింది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది. చేతికొచ్చినంత తీసుకుని, కొలవకుండా, పెద్ద ముద్ద కలిపి అతని నోటి దగ్గర పెట్టింది.

అతను ఆమె కోసం నోరు తెరిచాడు. నమిలాడు, చాలాసేపు నమిలాడు. మింగుడు పడలేదు. ఆమె తన అరచెయ్యి అతని నోటి కింద పట్టింది, ఉమ్మెయ్యమని.